అత్తగారి ఫొటోలు

ఆ వానాకాలం మా ఇంట్లో నలుగురం ఉన్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, అత్తగారు. అత్తగారంటే కుక్క. ఆ పేరు పెట్టింది మా ఆవిడే. మా పెళ్ళికి ముందే మా అమ్మ పోయింది కాబట్టి మా ఆవిడ అత్తపోరు ఎరగదు. ఆ కుక్క వచ్చిన మూడో రోజున వసారాలో ఇస్త్రీ బల్ల ఎదురుగా కూర్చుని, మా ఆవిడ మడతపెట్టిన ప్రతి చొక్కా కేసీ ఓసారి చూసి, ఇదేం మడత అన్నట్టు మొహం పక్కకి తిప్పుకుంటుంటే, "ఇన్నాళ్ళకి నాకూ ఓ అత్తగారొచ్చిందండీ" అంది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ తర్వాత మేమిద్దరం అలా కలిసి నవ్వుకున్న రోజులు పెద్దగా లేవు. అందుకే అది గుర్తుండిపోయింది.

నాది సెలూన్. రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం. సెలూన్ నడిపేవాడంటే నోరు మూతపడని మనిషని అందరూ అనుకుంటారు. నేను అలా కాదు. తల వంచమనడానికి కూడా మాట ఖర్చుపెట్టను, వేలితో మెల్లిగా నెడతాను. కొందరు ఎదురుగా ఉన్న షాపు వదిలి నా దగ్గరికొచ్చేదే అందుకు. మా ఆవిడకి మాత్రం అది మొదటినుంచీ కష్టంగానే ఉండేది. ఖాళీ బిందె అయినా కొడితే మోగుతుంది, ఈయన మోగడు అని వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. ఏ పని చెప్పినా "రేపు చేసేస్తాలే బావా" అనేవాడు. వీధిలో చిన్నాపెద్దా అతన్ని 'రేపు' అనే పిలిచేవాళ్ళు. నాలుగు ఉద్యోగాలు పట్టి, నాలుగూ ఊడగొట్టుకుని మా ఇంట్లో చేరాడు. ఆ ఏడాదే మొదటిసారి అతని కాలు ఒకచోట నిలిచింది. వీధికుక్కల సంఘంలో వ్యాను డ్రైవరు పని అది. తమ్ముడు దారిలో పడ్డాడని మా ఆవిడ ఎంత సంబరపడిందో చెప్పలేను.

ఆ సంఘం పశువుల ఆసుపత్రి డాక్టరమ్మా, మా పేటవాళ్ళు పదిమందీ కలిసి పెట్టుకున్నది. గజ్జి పట్టినవి, బండి గుద్ది కాలు విరిగినవి, ఇల్లు మారుతూ యజమానులు వదిలేసి పోయినవి, ఇలాంటివాటిని వ్యానులో తెచ్చి వైద్యం చేస్తారు. ఆసుపత్రిలో చోటు చాలదు కనుక కోలుకునేదాకా ఒక్కో కుక్కని ఒక్కో ఇంట్లో ఉంచుతారు. ఆ ఇళ్ళని విడిది ఇళ్ళంటారు. విడిది రెండు నెలలు. ఆ తర్వాత దాన్ని పెంచుకునేవాళ్ళని వెతికి అప్పజెబుతారు. కొత్త ఇంటివాళ్ళు ఆదివారం ఆదివారం ఒక ఫొటో పంపాలి. మొదటి ఆరు వారాలూ విడిది ఇంటివాళ్ళు అటువైపు వెళ్ళకూడదు. పాతమనుషులు కనబడితే కుక్క కొత్తచోట కుదురుకోదట. పద్ధతిలో తప్పుపట్టడానికేం లేదు, ఇప్పటికీ మంచి పద్ధతే అంటాను.

మొదటి వానలు పడ్డ వారంలో వ్యాను మా గుమ్మం ముందు ఆగింది. బావమరిది గోనెసంచి మీద పెట్టి దించినదాన్ని కుక్క అనడానికి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఒంటిమీద అక్కడొక కుచ్చు ఇక్కడొక కుచ్చు తప్ప వెంట్రుకలు లేవు. చర్మం ఎండిపోయిన బురదలా పగిలి ఉంది. వెనక కాలొకటి ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. డాక్టరమ్మ పళ్ళు చూసి ఎనిమిదేళ్ళుంటాయని చెప్పిందట. "వారం రోజులు ఉంచు బావా, రేపు ఇంకో ఇల్లు చూస్తాను" అన్నాడు బావమరిది. రేపు అన్నాడంటేనే రెండు నెలలూ మా దగ్గరే అని అర్థమైపోయింది.

పాత మెషిన్ ఒకటి తీసి, పెరట్లో కూర్చుని, ఉన్న ఆ నాలుగు కుచ్చులూ తీసేశాను. మూడురోజులకోసారి మందునీళ్ళతో స్నానం, రోజూ గంధకం మందు పూయడం. మందు మండుతుందేమో, క్షణం నిలిచేది కాదు. ఏం చెయ్యాలో తోచక మాట్లాడటం మొదలుపెట్టాను. ఏవో కబుర్లు. పొద్దున ఎవరొచ్చారు, ఎవరి నడినెత్తిన రెండు సుడులున్నాయి, ఎవరు రంగు వేయించుకుని పెళ్ళానికి చెప్పొద్దన్నారు. చెవులు రిక్కించి వినేది. మాట ఆగితే లేచిపోయేది, మళ్ళీ మొదలుపెడితే కూర్చునేది. పేటలో ఎవరి జుట్టుకి రంగో ఆ కుక్కకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నాలో అన్ని మాటలున్నాయని నాకే తెలియదు. షాపు కట్టేసి ఇంటికి పరిగెత్తుకొచ్చేవాణ్ణి, దానికి ఇవాళ ఏం చెప్పాలా అని దారంతా అనుకుంటూ.

మా ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఇవన్నీ వినేది. మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు, అప్పుడు నేను అటు చూస్తే కదా.

పదిహేను రోజులకి చెవుల వెనక నూగు మొదలైంది. నెలకి మెడ, వీపు నిండాయి. తేనెరంగు కుక్క అని అప్పుడు తెలిసింది. వెంట్రుక నా వృత్తి. ఎక్కడ దట్టంగా వస్తోంది, ఎక్కడ పలచగా ఉంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగింది, అన్నీ వేళ్ళకే తెలిసేవి. ఆరోవారంలో డాక్టరమ్మ దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసింది. ఎడమ డొక్క మీద అరచెయ్యంత మేర నున్నగా గొరిగేసి కుట్లు వేసింది. నా పనంతా పాడుచేశారు కదా డాక్టరమ్మా అన్నాను. మళ్ళీ వస్తుందిలెండి, ఆ పని మీకే బాగా తెలుసు అని నవ్వింది. వ్యానులో ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ నేనూ వెనకెక్కి దాని పక్కనే కూర్చునేవాణ్ణి. వ్యానంటే దానికి భయం. ఎవరు లాగినా ఎక్కేది కాదు. "ఎక్కు తల్లీ, నేనున్నాను" అంటే మాత్రం ముందుకాళ్ళు పెట్టి నా కేసి చూసేది, అప్పుడు నడుం పట్టి ఎక్కించేవాణ్ణి.

ఇంట్లో ఇబ్బందులు లేవని కాదు. మా ఆవిడకి నర్సుల హాస్టలు బట్టలే పెద్ద ఆసరా. తెల్లటి యూనిఫారాలు. ఒకరోజు హాస్టలు పెద్దావిడ మూట తెచ్చి బల్లమీద పెట్టి, కాలర్ మీద ఉన్న తేనెరంగు వెంట్రుకని రెండు వేళ్ళతో తీసి చూపించి, ఇంకోసారి ఇలా జరిగితే బట్టలు వేరేచోట ఇస్తానని చెప్పి వెళ్ళింది. నా షాపులోనూ ఇద్దరు ముగ్గురు పాతవాళ్ళు ఎదురు షాపుకి మారారు. గజ్జికుక్కని తడిమిన చేత్తో మా మొహాలు తడుముతాడా అన్నారట. మా ఆవిడ అవన్నీ నాతో చెప్పింది. చెప్పలేదని అనను. నేనే, గజ్జి ఎప్పుడో తగ్గిపోయింది, వాళ్ళే వస్తార్లే అని పెరట్లోకి వెళ్ళిపోయాను.

రెండు నెలలు దగ్గరపడుతుంటే రోజులు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకరోజు టీ తాగుతూ బావమరిదితో అన్నాను, దీన్ని మనమే ఉంచేసుకుందాంరా, డాక్టరమ్మని అడుగు అని. అతను ముందు వాళ్ళక్క కేసి చూశాడు, తర్వాత గ్లాసు కేసి చూశాడు. "రేపు అడుగుతాలే బావా" అన్నాడు. మర్నాడు జవాబు తెచ్చాడు. కుదరదట. విడిది ఇళ్ళవాళ్ళు ఎవరి కుక్కని వాళ్ళే ఉంచేసుకుంటే, రేపొచ్చే వాటికి ఇళ్ళెక్కడివి అందట డాక్టరమ్మ. న్యాయంగానే తోచింది. నేనే వెళ్ళి ఒక్కసారి అడిగి ఉండాల్సింది. మాట్లాడాల్సిన పనులన్నీ ఇంకొకరి మీద తోసేయడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్ల ఏం పోగొట్టుకున్నానో తర్వాత తెలిసింది.

ఊరవతల తోట ఉన్న ఆసామి ఎవరో తీసుకుంటానన్నాడని వారం తిరక్కుండా కబురొచ్చింది. పెద్ద చోటు, చెట్లనీడ, ఇంకో రెండు కుక్కలు. ముసల్దైనా కుంటిదైనా ఫరవాలేదన్నాడట. సంతోషపడాలి కదా, పడ్డాను కూడా. మా ఆవిడ ఆ పొద్దున దానికి ప్రత్యేకంగా పళ్ళెంలో అన్నం పెట్టింది. వ్యాను వచ్చింది. బావమరిది బ్రెడ్డు చూపించాడు, గొలుసు లాగాడు, అది కదల్లేదు. చివరికి నేనే వెళ్ళాను. వ్యాను నేలమీద చెయ్యి తట్టి, "ఎక్కు తల్లీ, నేనున్నాను" అన్నాను. ఎక్కింది. నేను ఎక్కలేదు. బావమరిది తలుపు వేశాడు. ఆ వానాకాలం అబద్ధాలు మొదలుపెట్టినవాణ్ణి నేనే అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆదివారం ఫొటో వచ్చింది. బావమరిది తన ఫోన్లోంచి నాకు పంపాడు. పూలమొక్కల మధ్య నిలబడి ఉంది, మెడలో ఎర్రగుడ్డ. రెండో ఆదివారం నీళ్ళతొట్టి పక్కన. మూడో ఆదివారం పందిరి కింద చాపమీద, మెడలో ఈసారి నీలంగుడ్డ. షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపించాను. మాట్లాడని మనిషి ఫోను మొహం ముందు పెట్టి కబుర్లు చెబుతుంటే వాళ్ళు బిత్తరపోయారు. మా ఆవిడకీ చూపించేవాణ్ణి. చూసి, బాగుందని మళ్ళీ ఇస్త్రీ మీదకి వంగేది. ఒక్కసారి మాత్రం, కాస్త ఒళ్ళు చేసినట్టుంది కదండీ అంది. నిజమేనేమో అని నేను మళ్ళీ చూశాను. యూనిఫారాలు మళ్ళీ తెల్లగా పోతున్నాయి, ఎదురు షాపుకి పోయినవాళ్ళు మెల్లిగా తిరిగొస్తున్నారు. ఇల్లు సద్దుమణిగింది.

అయిదో ఆదివారం షాపులో ఉండగా ఫొటో వచ్చింది. కుర్చీలో లెక్కల మాస్టారున్నారు. ఒక చెంప గీశాను, ఇంకో చెంపకి నురగ రాసి, చెయ్యి తుడుచుకుని ఫోను తీశాను. అత్తగారు ఏదో అరుగుమీద పక్కకి తిరిగి పడుకుని ఉంది, ఎడమ డొక్క పైకి. అరచెయ్యంత మేర నూగు, దాని మధ్య కుట్ల గీత.

ముందు నాకు అర్థంకాలేదు. అంత బాగుందేమిటి, నేను పంపినరోజు ఉన్నట్టే ఉంది అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఏదో గుచ్చుకుంది. నేను పంపినరోజున అక్కడ గోరు చివరంత నూగు ఉంది. అయిదు వారాలైంది. ఈపాటికి ఆ గీత కనబడకూడదు. మొదటి ఫొటో తీసి పక్కన పెట్టుకున్నాను. మూడోదీ తీశాను. మూడింట్లోనూ ఒకటే నూగు, ఒకటే పొడుగు. గుడ్డ మారింది, చోటు మారింది, వెంట్రుక మారలేదు.

అయినా నాకు మోసం అని తట్టలేదు. గజ్జి తిరగబెట్టి ఉంటుంది, అందుకే వెంట్రుక రావట్లేదని భయపడ్డాను. తోట ఆసామికి ఏం తెలుసు, చూస్తూ చూస్తూ చంపేస్తాడు అనుకున్నాను. మాస్టారి రెండో చెంప ఎలా గీశానో నాకు తెలియదు. ఒక పక్క కణత వెంట్రుకలు పొడుగ్గా మిగిలిపోయాయని ఆయన ఇప్పటికీ దెప్పుతూంటారు. షాపు మూసి ఆసుపత్రికి పరిగెత్తాను.

అయిదు వారాలైనా వెంట్రుక రాలేదని నేను చెప్పిందంతా డాక్టరమ్మ ఓపిగ్గా విని, నా మొహం కేసి వింతగా చూసింది. "మీ దగ్గరే ఉన్నదానికి వెంట్రుక రావట్లేదని ఫొటోలో చూపిస్తారేంటండీ? ఇంటికెళ్ళి తీసుకురండి, చూస్తాను" అంది.

అది ఎవరి పేరున రాసి ఉంది డాక్టరమ్మా అని మాత్రం అడిగాను. ఆవిడ లేచి బీరువాలోంచి కాగితం తీసింది. ఆ కుక్కని ఎవరూ అడగలేదట. వయసుమళ్ళింది, పైగా కుంటిది. మీ బావగారిని అడిగి చూడు, వాళ్ళకి అలవాటైంది కదా, వాళ్ళే పెంచుకుంటామంటే అంతకంటే ఏం కావాలి అని బావమరిదికి ఆవిడే చెప్పిందట. మర్నాడే అతను కాగితం తెచ్చిచ్చాడు. విడిది ఇంటివారే శాశ్వతంగా పెంచుకుంటున్నారు అని రాసి ఉంది. కింద మా ఆవిడ సంతకం.

నేను ఉంచుకోవచ్చు. మొదటినుంచీ ఉంచుకోవచ్చు. ఎవరూ వద్దనలేదు. ఆవిడకేమో మేమే పెంచుకుంటున్నామని చెప్పారు, నాకేమో తోటకి పోయిందని చెప్పారు. రెండు మాటల మధ్యా కుక్క ఏమైందో అడగాల్సినవాళ్ళు ఎవరూ లేకుండా పోయారు.

అప్పుడు నేనేం చేశానో వినండి. "అవునవును, ఏదో కంగారు, పాత ఫొటోలు చూసి ఇదైపోయాను" అన్నాను. ఇంటిగుట్టు డాక్టరమ్మ బల్లమీద పరవడానికి మనసొప్పలేదు. టీకాకి వేళవుతోంది, వానలు తగ్గాక నేనే ఇంటికొచ్చి వేస్తాలెండి అందావిడ. సరేనని వచ్చేశాను.

మా పేట చిన్నది. పది నిమిషాల నడక. ఫొటోలన్నీ ఎక్కడో ఒక మొక్కల నర్సరీలో ఒకే పూట తీసి ఉంటాడని ఆ పది నిమిషాల్లో తేలిపోయింది. రెండు గుడ్డలూ తొట్టీ చాపా అన్నీ ఆలోచించుకున్నాడు. సెలూన్ నడిపే బావకి వెంట్రుకల ఫొటో పంపుతున్నానని మాత్రం తట్టలేదు, పప్పులో కాలేశాడు. నవ్వొచ్చే సంగతే. వీధి మలుపులో నిలబడి కాసేపు నవ్వాను కూడా. నవ్వు ఆగాక ఇంటిదారి పట్టాను.

వసారాలో మా ఆవిడ యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. నేను మెట్టు దగ్గర ఆగాను.

"ఎక్కడుంది?" అన్నాను.

ఏది అని అడగలేదు ఆమె. ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కన పెట్టింది.

"మొదటిసారి వంతెన అవతల వదిలాడు" అంది.

"మొదటిసారేంటి?"

కాలర్ మడత సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. "తొమ్మిదోరోజున తిరిగొచ్చింది. మధ్యాహ్నం. మీరు షాపులో ఉన్నారు. కాళ్ళన్నీ పుళ్ళు పడ్డాయి. కడిగాను, పాలు పోశాను. తాగి, ఇదిగో ఇక్కడే, నా ఎదురుగా కూర్చుంది. అప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాను."

నేను మెట్టుమీద కూర్చున్నాను. మా ఆవిడ అబద్ధాలకోరు కాదు. అలవాటు లేని మనిషి కాబట్టే, ఒకసారి మొదలుపెట్టాక ఏదీ దాచలేకపోయింది. వ్యాను చూసి కుక్క ఇంట్లోకి దూరబోయిందట. తమ్ముడు లాగితే పళ్ళు చూపించిందట, ఎన్నడూ లేనిది. బిస్కెట్లు వేసినా రాలేదట.

"అందుకే మీకు ఫోన్ చేశాను" అంది.

గుర్తొచ్చింది. ఆరోజు నేను ఎవరికో గడ్డం చేస్తున్నాను. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకున్నాను. వీధి చివరింటావిడ కుక్క వ్యాను ఎక్కనంటోందండీ, మీరు మన అత్తగారితో ఏమనేవారు, ఆ మాట ఓసారి అనండి అంది మా ఆవిడ. నాకెంత సంతోషం వేసిందో. కుక్కల సంగతి నన్ను తను అడగడం అదే మొదలు. గొంతు సవరించుకుని, ఆప్యాయంగా అన్నాను. "ఎక్కు తల్లీ, నేనున్నాను." సరిగ్గా వినబడలేదేమోనని ఇంకోసారి కూడా అన్నాను.

"ఫోను వ్యానులో పెట్టాం. మీ గొంతు వినగానే ఎక్కింది" అంది మా ఆవిడ. "లోపలంతా మిమ్మల్ని వెతుక్కుంది."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్తూ షాపు మూసేశావేంటని నన్ను అడిగారు, నేనేదో తల ఊపాను.

నన్ను మోసం చేశారు. నా ఇంట్లో, నా తిండి తింటూ, నా ఎదురుగా కూర్చుని ఫొటోలు చూసి ఒళ్ళు చేసినట్టుంది అంటూ మోసం చేశారు. అది ఒక ఎత్తు. కానీ తొమ్మిదిరోజులు కుంటికాలితో నడిచి నన్ను వెతుక్కుంటూ వచ్చినదాన్ని, నా గొంతుతోనే గెంటించారు. దానికి తెలిసింది ఏమిటి? పిలిచింది నేనే. ఎక్కమన్నది నేనే. మిగతావి ఏవీ దానికి తెలియవు.

"ఒక్కమాట నాతో అనకూడదా?" అన్నాను.

"ఎప్పుడనేదాన్ని?" అంది. గొంతు పెంచలేదు. "ఉంచుకుందామా అని మిమ్మల్ని అడగమని డాక్టరమ్మ తమ్ముడికి చెప్పింది. నేనే వద్దన్నాను. అడిగితే మీరు ఔననే అంటారు. హాస్టలువాళ్ళు పోతామంటున్నారు, మీ షాపుకొచ్చేవాళ్ళు పోతున్నారు, అవన్నీ చెప్పాను. విన్నారా? పెరట్లోకెళ్ళి దానితో కబుర్లు చెప్పుకున్నారు. ఇరవైరెండేళ్ళయింది మన పెళ్ళై. అన్ని మాటలు నాతో ఎప్పుడైనా మాట్లాడారా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అయినా, మా ఇద్దరి లెక్కా తేల్చుకోవడానికి ఆ కుక్కని వాడుకోవాల్సిన పని లేదు.

మర్నాడు బావమరిది వ్యానులో నన్ను తీసుకెళ్ళాడు. రెండోసారి వంతెన అవతల కాదు, ఇంకా దూరం, రాళ్ళక్వారీ దాటి లారీలు ఆగేచోట. దారిపొడుగునా నీళ్ళు నములుతూ కూర్చున్నాడు. ఒక్కసారే మాట్లాడాడు. "నువ్వు బెంగపెట్టుకుంటావనే బావా, ఆ ఫొటోలు" అన్నాడు.

అక్కడ టీ అమ్మే ముసలమ్మ గుర్తుపట్టింది. కుంటిది, తేనెరంగుది, ఆడకుక్క కదూ అంది. కొన్నాళ్ళు ఇక్కడే ఉందిట. తిండికి ఎవరి దగ్గరికీ పోయేది కాదుట. ఏ వ్యాను ఆగినా మాత్రం కుంటుకుంటూ వెళ్ళి, వెనక తలుపు తీసేదాకా నిలబడి లోపలికి చూసేదట. తర్వాత వానలు ముదిరాక కనబడలేదంది. బావమరిది అక్కడే రోడ్డుపక్కన కూలబడి ఏడ్చాడు. నేను వ్యాను ఎక్కకుండా బస్సుకోసం నిలబడ్డాను.

ఆ తర్వాత నాలుగు సెలవురోజులు నేనొక్కణ్ణే ఆ లారీలచోటికి వెళ్ళాను. క్వారీ గుంటల చుట్టూ తిరిగాను. పిలవడానికి మాత్రం నోరు రాలేదు. నా గొంతు వింటే వస్తుందో, పారిపోతుందో తెలియదు. మాట్లాడకుండా వెతికాను. మూడో వారానికి బావమరిది వ్యాను తాళాలు డాక్టరమ్మకి ఇచ్చేసి, వేరే ఊళ్ళో పని దొరికిందని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. టవళ్ళు కావాలి, పాలు అయిపోయాయి, వాన వస్తోంది బట్టలు తియ్యి, ఇంతవరకే మాటలు. ఆమె రెండుసార్లు ఏదో అనబోయింది. నేను లేచి వెళ్ళిపోయాను.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం డాక్టరమ్మ టీకా పెట్టెతో మా గుమ్మంలో దిగింది. చెప్పులు విప్పుతూనే, అత్తగారేరీ అంది నవ్వుతూ. మా ఆవిడ బల్ల దగ్గర కొయ్యబారిపోయింది. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే గాల్లో ఉంది. ఆమె నోరు తెరిచింది. ఏం చెబుతుందో నాకు తెలియదు, నిజమే చెప్పేదేమో. అంతకుముందే నేను అనేశాను.

"పోయింది డాక్టరమ్మా. నెల దాటింది. నిద్రలోనే పోయింది. నేను పక్కనే ఉన్నాను."

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. వాళ్ళని కాపాడటానికి కాదు. అలా జరిగి ఉంటే ఎంత బాగుండునో, ఒక్కసారైనా ఎవరైనా అలాగే నమ్మాలనిపించింది.

డాక్టరమ్మ మెట్టుమీద కూర్చుండిపోయింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఎన్నో కుక్కలు ఎవరికీ తెలియకుండా ఏ గుంటలోనో పోతాయి, ఇది నమ్మినవాళ్ళ పక్కన పోయింది, మీ ఇల్లు దొరకడం దాని అదృష్టం అంది. ఆ మాటలు పూర్తికాకముందే వెనక మా ఆవిడ ఇస్త్రీపెట్టె దించేసి, తెల్ల యూనిఫారంలో మొహం దాచుకుని గట్టిగా ఏడ్చింది. ఇరవైరెండేళ్ళలో ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. డాక్టరమ్మ కంగారుగా లేచివెళ్ళి ఆమెని దగ్గరికి తీసుకుంది. వీపు నిమిరింది. ఎంత నిమిరినా ఏడుపు ఆగలేదు.

"ఈవిడకే ఎక్కువ మాలిమైనట్టుంది పాపం" అని డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇలా రండి. మీరొక్కమాట చెప్పండి, మీరు చెబితే ఊరుకుంటుంది."

మా ఆవిడ మొహం పైకెత్తి నా కేసి చూసింది. ఆ మాట కోసమే చూసింది, ఏ మాటైనా సరే. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నోరు విప్పలేదు.